గోపాల్‌పూర్‌లో ఏముందని అడిగినవారికి



పోస్టు పొడుగైంది, క్షమించాలి. టీ పెట్టుకుని తీరిగ్గా చదవండి. చదివాక తిట్టాలనిపిస్తే కింద నిరభ్యంతరంగా తిట్టండి. సగం చదివి మాత్రం తిట్టకండి.

విషయం మీకు తెలిసిందే. పోయిన సమావేశంలో వచ్చే ఏడాది విహారయాత్ర మాట వచ్చింది. ఇటలీ, గ్రీసు, పది రోజులు, తలకి రెండున్నర లక్షల పైచిలుకు. సంఘం పేరు మీద గ్రూపు బుకింగ్ చేస్తే కాస్త తగ్గుతుందన్నారు. అడ్వాన్సు ప్రస్తుతానికి సంఘం నిధి నుంచి కట్టేస్తే, వెళ్ళేవాళ్ళు తర్వాత విడతలుగా జమ చేస్తారన్నారు. తెర మీద నీలం సముద్రం, తెల్ల గోడలు, నిమ్మతోటలు చూపించారు. చప్పట్లు మోగాయి.

మాలో ఒకరు లేచి, "ఈసారి సంఘం కార్యక్రమం మన గోపాల్‌పూర్ తీరం మీదే కాస్త పద్ధతిగా పెట్టుకుందాం" అన్నారు. వెంటనే వెనక వరసలోంచి జవాబు: "గోపాల్‌పూర్‌లో ఏముందండీ, ఇసకా, వేరుశనక్కాయలూ తప్ప?" హాలంతా నవ్వింది. నిజం చెప్పాలంటే మేమూ నవ్వాం. గేట్ బజార్ దాకా నవ్వుకుంటూనే వచ్చాం. ఇంటికొచ్చి పడుకున్నాక ఆ ప్రశ్న ముల్లులా గుచ్చుకుంది. జవాబు తెలిసుండి ఎందుకు నోరు మూసుకున్నాం? అక్కడ చెప్పలేనిది ఇక్కడ చెప్తున్నాం.

ముందు ఒక మాట స్పష్టంగా చెప్పేస్తాం. విదేశాలు చూడొద్దని మేం అనడం లేదు. జీవితమంతా ఉద్యోగాలు చేసి, పిల్లల్ని చదివించి, అరవై దాటాక భార్యాభర్తలు నాలుగు దేశాలు చూసొస్తామంటే అడ్డు చెప్పడానికి మేమెవరం? మధ్యధరా సముద్రం అందం అబద్ధం కాదు. అది దాదాపు నాలుగు వైపులా నేల కమ్ముకున్న సముద్రం, అందుకే చాలాచోట్ల ఆటుపోట్ల తేడా ఒకటి రెండు అడుగులు మించదు. ఇళ్ళు నీళ్ళ అంచుదాకా వచ్చి నిలబడగలవు. వేసవంతా వాన ఉండదు, ఎండ నిలకడగా కాస్తుంది. చరిత్ర సంగతి చెప్పనే అక్కర్లేదు. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బూడిద కింద పూడిపోయిన పాంపే ఊరు వీధులతో సహా బయటపడి ఉంది. ఆ ఊళ్ళో 1938లో ఒక భారతీయ దంతపు బొమ్మ దొరికింది. ఇప్పుడది నేపుల్స్ మ్యూజియంలో ఉంది. వెళ్ళేవాళ్ళు ఐస్‌క్రీములతో ఫొటోలు దిగి వచ్చేయకుండా ఆ బొమ్మని చూసి రండి. రెండు వేల ఏళ్ళ క్రితమే మన దేశం సరుకు అక్కడి ఇళ్ళల్లో ఉండేదని మీ కళ్ళతో మీరే చూస్తారు.

ఇంకో సంగతి కూడా తెలుసుకుని వెళ్ళండి. తెర మీద చూపించిన బొమ్మల్లో మనుషులు లేరు. నిజానికి ఆ ఊళ్ళల్లో కాలు పెట్టే సందు లేదు. వెనిస్ నగరం 2024 ఏప్రిల్ 25 నుంచి, రద్దీ రోజుల్లో ఒక్కపూట చూసిపోయేవాళ్ళ దగ్గర 5 యూరోల ప్రవేశ రుసుము వసూలు చేయడం మొదలుపెట్టింది. అదే ఏడాది జూలైలో బార్సిలోనా జనం వీధుల్లోకొచ్చి, హోటళ్ళ ముందు కూర్చున్న యాత్రికుల మీద నీళ్ళ తుపాకులతో నీళ్ళు చిమ్మారు. అద్దెలు పెరిగిపోయి సొంత ఊళ్ళో తామే ఉండలేకపోతున్నామని వాళ్ళ బాధ. చూడ్డానికొచ్చేవాడు డబ్బు తెస్తాడు నిజమే, కానీ ఊరు ఎవరిదన్న గౌరవం లేకుండా వస్తే ఊరివాళ్ళకి భారమైపోతాడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, చివర్లో మన పిక్నిక్ దగ్గర మళ్ళీ అవసరం పడుతుంది.

ఇక అడిగిన ప్రశ్నకి వద్దాం. గోపాల్‌పూర్‌లో ఏముంది? మన గంజాం తీరంలో ఏముంది?

బరంపురం నుంచి ముప్పయ్యైదు కిలోమీటర్ల దూరంలో, ఋషికుల్య ఒడ్డున, జౌగడ కొండరాయి ఉంది. క్రీస్తుకి పూర్వం మూడో శతాబ్దంలో అశోకుడు దాని మీద శాసనాలు చెక్కించాడు. అందులో రెండో శాసనం, మనుషులకీ పశువులకీ వైద్యం ఏర్పాటు చేసిన సంగతి చెప్తుంది. తన రాజ్యంలోనే కాదు, సరిహద్దు అవతలి రాజ్యాల్లో కూడా అని చెప్తూ ఒక యవనరాజు పేరు తెస్తుంది. ఆయన ఆంటియోకస్. సిరియా కేంద్రంగా ఏలిన గ్రీకు రాజు, మధ్యధరా తీరం ఆయన రాజ్యానికి పడమటి అంచు. మనం రెండున్నర లక్షలు పోసి చూడబోతున్న ఆ సముద్రపు గాలి ఇరవై రెండు శతాబ్దాల కిందటే మన జిల్లా రాతిదాకా వచ్చి ఉంది. సంఘంలో ఎంతమంది జౌగడ చూశారో చెయ్యెత్తమంటే ఎన్ని చేతులు లేస్తాయో మీరే ఊహించుకోండి.

ఆ రాయిలో ఇంకో విశేషం ఉంది. కళింగ యుద్ధంలో చచ్చినవాళ్ళని తలుచుకుని అశోకుడు బాధపడ్డ శాసనం ఉంది చూశారా, పదమూడోది, బడి పుస్తకాల్లో అందరం చదువుకున్నదే. అది జౌగడలో లేదు. ధౌళిలోనూ లేదు. మిగతా దేశంలో చెక్కించాడు గానీ, దెబ్బ తిన్న కళింగంలో మాత్రం చెక్కించలేదు. దానికి బదులు ప్రజలంతా నా బిడ్డలు అనే అర్థం వచ్చే వేరే శాసనాలు పెట్టాడు. గెలిచినవాడు ఓడినవాళ్ళ ముందు ఏం మాట్లాడాడో, ఏం మింగేశాడో చూపించే రాయి అది. ఇలాంటిది నేపుల్స్‌లో ఉంటే టిక్కెట్టు కొని, చెవుల్లో యంత్రం పెట్టుకుని, గంటసేపు నిలబడి వినేవాళ్ళం.

తర్వాత పాలూరు. చిలికా దక్షిణపు కొసన, కొండ పక్కన. క్రీ.శ. రెండో శతాబ్దంలో టాలెమీ అనే భూగోళవేత్త తన గ్రంథంలో పాలౌరా అనే చోటు రాశాడు. అక్కడికి దగ్గర్లోంచే ఓడలు తీరం వదిలి, నడిసముద్రం మీదుగా తూర్పున సువర్ణభూమి వైపు పోయేవని చెప్పాడు. ఆ పాలౌరా మన పాలూరేనని చరిత్రకారులు గుర్తించారు. టాలెమీ ఎక్కడివాడు? అలెగ్జాండ్రియా. మధ్యధరా ఒడ్డు. అక్కడ కూర్చున్నవాడికి పాలూరు తెలుసు. ఇక్కడ కూర్చున్న మనకి తెలియదు. ఏటా కార్తీక పౌర్ణమికి మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు అరటి దొప్పల్లో దీపాలు వదుల్తారు, పక్కింటి ఒడియావాళ్ళు చిన్న చిన్న పడవలు చేసి వదుల్తారు. వాళ్ళ పడవలు ఏ ఓడల జ్ఞాపకమో మన పిల్లలకి ఎప్పుడైనా చెప్పామా?

తర్వాత గంజాం ఊరు. జిల్లాకి పేరిచ్చిన ఊరు. 1768లో ఈస్టిండియా కంపెనీ తొలి రెసిడెంటుగా ఎడ్వర్డ్ కాట్స్‌ఫర్డ్ వచ్చిన కాలపు కోట అక్కడుంది, పోటగఢ్ అంటారు. నక్షత్రం ఆకారంలో కట్టారు. ఋషికుల్య సముద్రంలో కలిసేచోటు దగ్గర, ఒకప్పుడు పెద్ద రేవు, జిల్లా కేంద్రం. 1815లో జ్వరాల మహమ్మారి వచ్చి జనం రాలిపోయాక కచేరీలు అక్కణ్ణుంచి తరలిపోయాయి. మాలో నలుగురం రెండేళ్ళ క్రితం వెళ్ళాం. మోకాళ్ళెత్తు గడ్డి, గోడల మీద రావిమొక్కలు. దారి చూపించడానికి మేకలు కాసే కుర్రాడొకడు వచ్చాడు. "ఎందుకొచ్చారు?" అనడిగాడు. చూడ్డానికన్నాం. "ఏం చూస్తారు?" అన్నాడు. మన సమావేశంలో పడ్డ ప్రశ్నే. ఆ కుర్రాడికి చెప్పేవాళ్ళు లేరు కాబట్టి అడిగాడు. మన పెద్దలకి ఆ సాకు లేదు.

చివరికి గోపాల్‌పూర్. గోపాలకృష్ణుడి గుడి వల్ల ఆ పేరొచ్చింది. కంపెనీ రోజుల్లోంచీ రేవు. ఇక్కణ్ణుంచి స్టీమర్లు రంగం వెళ్ళేవి. ఇప్పటి పిల్లలకి యాంగోన్ అనాలేమో, మన ముసలివాళ్ళకి అది రంగమే. గంజాం, శ్రీకాకుళం పల్లెల నుంచి వేలమంది తెలుగువాళ్ళూ ఒడియావాళ్ళూ ఈ ఒడ్డున ఓడెక్కి, రంగం బియ్యం మిల్లుల్లో, రేవుల్లో బస్తాలు మోశారు. 1942 మార్చిలో జపాను సేనలు రంగం పట్టుకున్నప్పుడు ప్రాణాలు దక్కించుకోవడానికి లక్షల మంది భారతీయులు అడవుల మీదుగా కాలినడకన దేశం చేరారు. దారిలో పోయినవాళ్ళు ఎందరో. మన సంఘంలో కనీసం పది ఇళ్ళల్లో రంగం తాత కథ ఉంది. ఒక్కటి కూడా కాగితం మీద లేదు. గోపాల్‌పూర్ ఒడ్డున ఇంకా నిలబడ్డ పాత రేవు స్తంభాల పక్కన నిలబడి సెల్ఫీలు దిగుతాం. ఆ స్తంభాల మీంచి మన తాత వెళ్ళాడేమోనన్న ఆలోచన కూడా రాదు.

ఇంకొక్కటి చెప్పి ఈ జాబితా ఆపేస్తాం. 1914లో గోపాల్‌పూర్‌లో సముద్రానికి ఎదురుగా పామ్ బీచ్ హోటల్ మొదలుపెట్టిందెవరు? మగ్లియోని అనే ఇటలీ దేశస్థుడు. మనం చూడబోతున్న ఆ ఎండ తీరాల దేశంలో పుట్టినవాడు ఇక్కడికొచ్చి, ఈ ఒడ్డు చూసి, ఇక్కడ నలుగురు విశ్రాంతిగా గడపొచ్చని పెట్టుబడి పెట్టాడు. 1947లో ఆ హోటల్ మోహన్ సింగ్ ఓబెరాయ్ చేతికొచ్చింది. ఇటలీవాడికి గోపాల్‌పూర్‌లో కనబడిందేదో బరంపురంవాడికి కనబడటం లేదు.

"సరే, ఇన్ని ఉన్నాయి కదా, మరి అవన్నీ శిథిలాలుగా ఎందుకున్నాయి?" అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. సగం కారణం సముద్రమే. మనది మధ్యధరాలాగా మెత్తని సముద్రం కాదు. 1999 అక్టోబరు 17న గోపాల్‌పూర్‌ని తుఫాను కొట్టింది. 2013 అక్టోబరు 12 రాత్రి పైలిన్ సరిగ్గా ఇక్కడే తీరం దాటింది. ఆ రాత్రి మన తలుపులు కొట్టుకున్న చప్పుడు గేట్ బజార్‌లో ఎవరూ మర్చిపోలేదు. దాదాపు పది లక్షల మందిని ముందే తరలించారు కాబట్టి ప్రాణాలు దక్కాయి. ఇలాంటి ఒడ్డున సున్నం గోడ రెండు వేల ఏళ్ళు నిలబడదు. ఇది ఒప్పుకుంటాం.

మిగతా సగం కారణం మనమే. పాంపే గోడలు వాటంతటవే మాట్లాడవు. అక్కడి బళ్ళో పిల్లలకి చెప్తారు, టాక్సీవాడు చెప్తాడు, హోటల్లో అన్నం పెట్టే అమ్మ చెప్తుంది. విన్నవాడు ఇంకోడికి చెప్తాడు. ఏ రాయైనా దాని కథ చెప్పేవాళ్ళు ఉన్నంతకాలమే చరిత్ర, తర్వాత ఉత్త రాయి. మన తీరం కథని ఒడియాలో చెప్పుకునేవాళ్ళు ఉన్నారు, సంతోషం, వాళ్ళ దగ్గరే మేమూ చాలా నేర్చుకున్నాం. తెలుగులో చెప్పాల్సింది ఎవరు? 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రాంతం ఏర్పడేదాకా ఈ గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది. హద్దు గీత మారింది, మనం కదల్లేదు. వి.వి. గిరి గారు పుట్టిన ఊరు మాది అని ప్రతి సభలో మైకు పట్టుకుంటాం. ఆ ఒక్క వాక్యం తప్ప ఈ నేల గురించి తెలుగులో రెండో వాక్యం మన దగ్గర లేదు.

ఇప్పుడు అసలు నొప్పి ఎక్కడో చెప్తాం. రాళ్ళూ గోడలూ కాసేపు పక్కన పెట్టండి.

పోయిన డిసెంబరు పిక్నిక్ గుర్తుందా? రెండు బస్సులు, పెద్ద స్పీకర్లు, హౌసీ ఆట, పులిహోర, మన బరంపురం అప్పడాలు, ఊరగాయలు. బ్రహ్మాండంగా జరిగింది. ఆ మధ్యాహ్నం గవ్వల దండలు అమ్ముకునే కుర్రాడొకడు మన దగ్గరికొచ్చాడు. మనవాళ్ళు వాడితో హిందీలో బేరమాడారు. ఎనభై అన్నాడు, ఇరవై అన్నారు. మళ్ళీ ఎనభై అన్నాడు, పొమ్మన్నారు. వాడు వెనక్కి తిరిగి తోటి కుర్రాడితో ఒక మాటన్నాడు. ఆ మాట ఇక్కడ రాయలేం. శుద్ధ తెలుగు మాట. అక్కడున్న అందరికీ అర్థమయింది. ఒక్క క్షణం అందరం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నాం, తర్వాత హౌసీ నంబర్లు చదవడం మొదలైంది.

ఆ కుర్రాడు ఎవరు? గోపాల్‌పూర్ ఒడ్డున వల లాగే మన మత్స్యకారుల పిల్లాడు. ఒడియావాళ్ళు నోళియాలంటారు. ఇంట్లో మాట తెలుగు. పాట తెలుగు. గంగమ్మకి మొక్కేది తెలుగులో. తరాలుగా ఈ తీరం పొడుగునా పూరీ దాకా ఉన్నారు. మనం డాబాల మీద కూర్చుని 'ప్రవాసాంధ్రులం, భాష కాపాడుకోవాలి' అని తీర్మానాలు చేస్తాం. పదహారు కిలోమీటర్ల దూరంలో భాషని రోజూ నోట్లో పెట్టుకు బతికేవాళ్ళతో హిందీలో మాట్లాడతాం. పిక్నిక్ అయ్యాక మాలో ఇద్దరం వెనక్కి వెళ్ళాం, తప్పు దిద్దుకుందామని. వల బాగుచేసుకుంటున్న పెద్దాయన పక్కన కూర్చున్నాం. తెలుగులో పలకరించాం. ఆయన తలెత్తి, "మీరు తెలుగోలేనేటి బాబూ? మరి ఇందాకటేల అలగ మాటాడినారు?" అన్నాడు. మా దగ్గర జవాబు లేదు. తర్వాత ఆయనే, "మాదీ తెలుగే. మాటాడతాం గానీ సదవలేం. మా గుంటలు ఒడియా బడికెల్తారు" అన్నాడు. ఒడియా చదవడం మంచిదే, అది వాళ్ళ బతుకు. కానీ సొంత పేరు సొంత లిపిలో రాసుకోవడం ఎవరూ నేర్పలేదు. పక్క ఊళ్ళో అంత పెద్ద సంఘం ఉండి.

ఋషికుల్య అవతల పోడంపేట ఉంది. పేరులోనే పేట ఉంది, ఎవరి ఊరో వేరే చెప్పాలా? పాత ఊరిని సముద్రం కోసుకుంటూ పోయింది, ఇళ్ళు వరసలు వరసలుగా కూలాయి, జనం వెనక్కి జరిగి కొత్తచోట కాపురాలు పెట్టుకున్నారు. ఆ ఒడ్డుకే ఏటా ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టడానికొస్తాయి. పరిశోధకులు దాన్ని 1994లో గుర్తించారు. 2025 ఫిబ్రవరిలో దాదాపు 7 లక్షల తాబేళ్ళు వచ్చాయని లెక్కలు. తాబేళ్ళ కోసం నవంబరు 1 నుంచి మే 31 దాకా అక్కడ వేట మీద ఆంక్షలుంటాయి. తాబేళ్ళని చూడ్డానికి బెంగళూరు నుంచి జనం వస్తారు. వాటి కోసం ఏడు నెలలు చేపలవేట తగ్గించుకునేవాళ్ళ ఇంట్లో పొయ్యి ఎలా మండుతోందని అడిగినవాళ్ళు తక్కువ. మనం అటు వెళ్ళనైనా వెళ్ళలేదు.

ఇప్పుడు మీరు అనబోయే మాటలు మాకు తెలుసు. ఒక్కోటి చూద్దాం.

"అక్కడ శుభ్రం ఉంటుంది, ఇక్కడ చెత్త." నిజం. పోయిన డిసెంబరులో ఆ చెత్తలో థర్మాకోల్ పళ్ళేలు ఎవరివో కూడా మనకి తెలుసు. మన రెండు బస్సులు వెళ్ళిపోయాక వాటిని ఏరింది ఎవరో మీకు తెలియకపోతే చెప్తాం, ఆ వల బాగుచేసే పెద్దాయన ఇంటి ఆడవాళ్ళు. బార్సిలోనావాళ్ళు చేతికి నీళ్ళ తుపాకీ తీసుకున్నారు. వీళ్ళు చీపురు తీసుకున్నారు. అంతే తేడా.

"ఇక్కడి సముద్రం ప్రమాదం." నిజం. లోపలికి లాగేస్తుంది, చాలా జాగ్రత్త కావాలి. మునిగేవాడి జుట్టు పట్టుకుని లాక్కొచ్చేది కూడా ఆ నోళియాలే. సముద్రం సంగతి ఎవర్ని అడగాలో తెలిస్తే, ఎక్కడ దిగాలో ఎక్కడ దిగకూడదో వాళ్ళే చెప్తారు. తెలుగులోనే చెప్తారు.

"కోటలు బాగుచేయడం, బళ్ళు పెట్టడం ప్రభుత్వం పని, సంఘం పని కాదు." కోట కట్టమని మేం అనడం లేదు. కోట గురించి నాలుగు పేజీలు తెలుగులో రాయడం ప్రభుత్వం పనా? సొంత భాషవాడితో సొంత భాషలో మాట్లాడటానికి ఏ శాఖ అనుమతి కావాలి?

"విహారయాత్ర అంటే సరదా, మీరు పాఠం చేసేస్తున్నారు." ఇది మాత్రం గట్టి మాట. ఒప్పుకుంటాం, ఉపన్యాసం ఎవరికీ ఇష్టం ఉండదు. కానీ ఒకటి చెప్పండి. తెల్లవారుజామున పడవలు ఒడ్డు చేరినప్పుడు పక్కన నిలబడి, ఆ పూట పడ్డ కానాగంతలు కొని, అక్కడే వేయించుకుని వేడివేడిగా తిని, ఆ ఇంటి ముసలమ్మ చేత పైలిన్ రాత్రి కథ చెప్పించుకోవడం కంటే సరదా హౌసీలో ఉందా? పది రోజుల్లో ఎనిమిది ఊళ్ళు బస్సు కిటికీలోంచి చూడటంలో ఉందా?

కాబట్టి సర్వసభ్య సమావేశం ముందు మేం పెట్టబోయే ప్రతిపాదనలు ఇవి. ముందే చెప్పేస్తున్నాం, దాపరికం లేదు.

ఒకటి. మధ్యధరా యాత్రకి వెళ్ళేవాళ్ళు సంతోషంగా వెళ్ళండి. సొంత డబ్బుతో, సొంత పేరుతో. సంఘం నిధి నుంచి ఒక్క రూపాయి అడ్వాన్సుగా కూడా పోకూడదు. ఆ నిధిలో నెలకి వంద రూపాయలు కట్టే చిన్న దుకాణాలవాళ్ళ డబ్బు ఉంది, పింఛను మీద బతికే మేష్టార్ల డబ్బు ఉంది. విడతలు ఆలస్యమైతే వీసా తిరస్కారమైతే నష్టం ఎవరిది? పదిమంది సెలవు కోసం రెండొందల మంది పూచీ పడడం న్యాయం కాదు.

రెండు. చలికాలంలో రెండు ఆదివారాలు సంఘం యాత్ర. ఒక ఆదివారం జౌగడ, ఇంకో ఆదివారం గంజాం కోట, పాలూరు, సాయంత్రానికి గోపాల్‌పూర్. మా లెక్క ప్రకారం ఇటలీ వెళ్ళే ఒక్కరి టిక్కెట్టు డబ్బుతో అందరికీ బస్సులూ భోజనాలూ వచ్చేస్తాయి. పిల్లలకి ఉచితం.

మూడు. రంగం తాతల కథలు మన ఇళ్ళల్లోంచే సేకరించి, ఈ తీరం గురించి తెలుగులో ఒక చిన్న పుస్తకం. గుర్తున్నవాళ్ళు ఇంకా కొందరు మిగిలారు. ఎనభై దాటినవాళ్ళు వచ్చే ఏడాదికి ఉంటారన్న హామీ లేదు, కాబట్టి ఇది మొదట మొదలవ్వాలి. ఫోన్లో రికార్డు చేసినా చాలు.

నాలుగు. గోపాల్‌పూర్ మత్స్యకారుల వీధిలో వారానికొక సాయంత్రం తెలుగు అక్షరాల తరగతి. మనం వెళ్ళి బోర్డు పెట్టేయడం కాదు. ముందు ఆ వీధి పెద్దల్ని అడగాలి, కావాలంటేనే మొదలుపెట్టాలి. వాళ్ళు వద్దంటే నమస్కారం పెట్టి వచ్చేద్దాం. కావాలంటే మాలో ముగ్గురు వంతులవారీగా వెళ్ళడానికి సిద్ధం. ఇంకో ముగ్గురు కావాలి. కింద పేర్లు రాయండి.

అయిదు. ఇకమీద పిక్నిక్కి స్టీలు పళ్ళేలు. ఎవరి పళ్ళెం వాళ్ళే తెచ్చుకోవాలి, ఎవరిది వాళ్ళే కడుక్కోవాలి. అధ్యక్షుల వారితో సహా.

మేం రాసింది కొందరికి కోపం తెప్పిస్తుందని తెలుసు. ఆ రోజు ఆ ప్రశ్న వేసిన పెద్దాయనంటే మాకు గౌరవమే. ఆయన ఒక్కరి మాట కాదది, అందరం నవ్వాం కాబట్టి అందరి మాట. ఆయన మా బస్సులో ముందు సీట్లో కూర్చుంటారని ఆశిస్తున్నాం. జౌగడ రాయి ముందు నిలబడి, యవనరాజు పేరు ఎక్కడుందో ఆయనకే చూపిస్తాం. సాయంత్రం గోపాల్‌పూర్‌లో వేరుశనక్కాయలు కూడా కొనిపెడతాం. ఇసకలో కూర్చుని తిందాం. గవ్వల దండ కుర్రాడొస్తే ఎనభై రూపాయలూ ఇద్దాం, తెలుగులో పేరడుగుదాం.

సమావేశానికి అందరూ రండి. చర్చ అక్కడ.

— గేట్ బజార్ సభ్యులం